అమ్మ "తిన్నాను" అంటోంది, బరువు మాత్రం తగ్గిపోతోంది

తెనాలి_తులసి
అమ్మకు 74 ఏళ్లు. నాన్న పోయి రెండేళ్లయింది. తెనాలిలో సొంత ఇంట్లో ఒక్కతే ఉంటుంది. అన్నయ్య బెంగళూరులో, నేను హైదరాబాదులో. రోజూ రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేస్తాను. "తిన్నావా అమ్మా?" "తిన్నానే, నువ్వు?" అంతటితో ఇద్దరికీ నిశ్చింత.

పోయిన వారం వెళ్లాను. ఆరిన బట్టలు తీసి మడతపెడుతుంటే అమ్మ జాకెట్లన్నింటికీ పక్కల్లో చేతికుట్టు కనిపించింది. ఒకటి కాదు, రెండు వరసలు. పాతది తెల్ల దారం, దానికి లోపలగా ఇంకో వరస నల్ల దారం. అంటే రెండుసార్లు బిగించుకుంది. ఎవరికీ చెప్పలేదు. మందుల షాపులో తూకం మీద నిలబెడితే 45 కిలోలు. పది నెలల కిందటి ఆస్పత్రి చీటీలో 52.

ఎదురింటి పిన్నిగారు "షుగరు మనిషి, సన్నబడితే మంచిదేగా" అన్నారు. ఐదడుగుల మనిషికి 45 మామూలు బరువేనని పట్టికలు కూడా చెబుతున్నాయి. నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు. ఇది వయసు వల్లనేనా? హైదరాబాదు రమ్మంటే రానంటోంది. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చెప్పండి.

కృష్ణకాలువ
పెద్దవయసులో ఆకలి తగ్గడం సహజమే. మా తాతయ్య 88 ఏళ్ల వరకు ఒంటిపూట భోజనంతోనే హాయిగా ఉన్నారు. లంఖణం పరమౌషధం అన్నారు పెద్దలు. బలవంతంగా తినిపించకండి.

గోరింటాకు
లంఖణం జ్వరం వచ్చినప్పుడు ఒకటి రెండు పూటలకు చెప్పిన మాట కృష్ణకాలువ గారూ. పది నెలలు ఎవరూ చెప్పలేదు.

వంటింటి_కిటికీ
తులసీ, వారంలో ఎన్ని రాత్రులు అమ్మగారు భోజనం మానేస్తున్నారో ముందు లెక్కపెట్టు. మా అత్తగారిని అడిగితే "అన్నీ తింటాను" అనేవారు. తీరా చూస్తే సోమవారం, శనివారం, రెండు ఏకాదశులు, మామగారి తిథి, పైగా ఎప్పుడు కడుపు ఉబ్బరంగా ఉంటే అప్పుడు. నెలలో పన్నెండు రాత్రులు ఒక అరటిపండు, గ్లాసు మజ్జిగతో గడిచిపోతున్నాయి.

వీధిచివర_వైద్యుడు
తులసి గారూ, మీకు నిద్ర పట్టకపోవడంలో న్యాయం ఉంది. 52 నుంచి 45 అంటే 13 శాతానికి పైగా. కావాలని తగ్గకుండా ఆరు నెలల్లోనో ఏడాదిలోనో 5 శాతం తగ్గితేనే మేం ఆగి చూస్తాం. అమ్మగారి విషయంలో అది రెండున్నర కిలోల దగ్గరే దాటిపోయింది. పట్టిక ఈ రోజు బరువును మాత్రమే చూస్తుంది, ఎక్కడి నుంచి దిగివచ్చారో చూడదు. పైగా ఆ పట్టికలు పడుచువాళ్లకూ పెద్దవాళ్లకూ ఒకే గీత గీస్తాయి. పెద్దవయసులో కాస్త కండ ఉండడమే రక్ష.

ముందు జబ్బులు లేవని తేల్చుకోవాలి. థైరాయిడ్, క్షయ, అదుపు తప్పిన షుగరు, కడుపులో పుండ్లు, కేన్సర్, మనోవ్యాకులత. వీటిలో ఏదైనా బరువు తగ్గడంతోనే మొదటిసారి బయటపడవచ్చు. కాబట్టి బలం పొడుల డబ్బా కొనే ముందు రక్తపరీక్షలు, ఎక్స్‌రే చేయించండి. తర్వాత మందుల చీటీ ఇక్కడ రాయండి. షుగరు మందుల్లో కొన్ని ఆకలిని చంపుతాయి. గుండెకు డిగాక్సిన్ వాడేవారికి అన్నం చూస్తేనే వికారం పుట్టవచ్చు.

మూడోది మీరే చేయగలరు. కుట్టుటేపు తీసుకుని పిక్క బాగా లావుగా ఉన్నచోట కొలవండి. 31 సెంటీమీటర్ల కన్నా తక్కువ ఉంటే కండ కరిగిందని అర్థం. పాదాల వాపు ఉంటే మాత్రం ఆ కొలతను నమ్మవద్దు, నీరు కండలా కనిపిస్తుంది.

కృష్ణకాలువ గారూ, వయసుతో శక్తి అవసరం కొంత తగ్గే మాట నిజమే. ప్రోటీన్ అవసరం తగ్గదు. ఈ రెండింటినీ కలిపేయడంతోనే చిక్కు వస్తోంది.

కృష్ణకాలువ
ఈ తేడా నాకు తెలియదు. తాతయ్య ఒంటిపూటే అయినా ఆ పూట గడ్డపెరుగు, పప్పు, నెయ్యి ఉండేవి లెండి. అది చెప్పలేదు నేను.

న్యూజెర్సీ_మల్లి
మా నాన్నగారు హనుమకొండలో ఒంటరిగా ఉంటారు. నేను వంటింట్లో కెమెరా పెట్టించాను. పొయ్యి వెలిగిందో లేదో ఇక్కడి నుంచే చూస్తాను. దూరాన ఉన్నవాళ్లకు ఇంతకంటే దారి లేదు తులసీ.

లెక్కల_మాస్టారు
ఇక్కడ అందరూ మా గురించి మాట్లాడుతున్నారు కాబట్టి మా తరఫున ఒకణ్ణి మాట్లాడనివ్వండి. నాకు 71. రాజమహేంద్రవరంలో ఒక్కణ్ణే ఉంటాను. మల్లీ, నువ్వు నా కూతురి ఈడుదానివి, కోపం తెచ్చుకోకు. ఎవరో చూస్తున్నారని తెలిసినచోట ముద్ద దిగదమ్మా. కెమెరా ఉన్నది నా ఇంట్లో అయితే నేను పొయ్యి మీద నీళ్లు పెట్టి వెలిగించేవాణ్ణి, నువ్వు సంతోషిస్తావని.

మా ఆవిడ పోయాక నేను తొమ్మిది కిలోలు తగ్గాను. ముప్పై నాలుగేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి, ఎసరుకు ఎన్ని నీళ్లో తెలియదు. పొద్దున కాఫీ, బిస్కెట్లు. మధ్యాహ్నం మెస్సు నుంచి క్యారేజీ తెచ్చుకుంటే కారానికి నోరు మండేది, సగం పారేసేవాణ్ణి. రాత్రి మళ్లీ బిస్కెట్లు. ఆకలి వేయక మానేశాననుకుంటారు అందరూ. ఆకలి వేసేది. ఒక్కడి కోసం ఇంత తతంగమా అనిపించేది, పడుకునేవాణ్ణి. ఒకరోజు స్నానాలగదిలో కూర్చున్నవాణ్ణి లేవలేకపోయాను. తొడల్లో బలం లేదు. గోడ పట్టుకుని లేవడానికి పావుగంట పట్టింది.

న్యూజెర్సీ_మల్లి
కోపం లేదు మాస్టారూ. బాధగా ఉంది. కెమెరా తీసేస్తే నాకింకేం మిగులుతుందో చెప్పండి. నేను పరుగెత్తుకుని రాలేను కదా.

లెక్కల_మాస్టారు
"తిన్నారా" అని అడగకు. దానికి ఒకే జవాబు ఉంటుంది. "ఏం కూర? ఎవరు తెచ్చారు? ఉప్పు సరిపోయిందా?" అని అడుగు. నిజంగా తిన్నవాడు కూర గురించి రెండు మాటలు చెప్పకుండా ఉండలేడు.

గోరింటాకు
మాస్టారూ, ఆ స్నానాలగది రోజు తర్వాత ఏం చేశారు?

లెక్కల_మాస్టారు
మా వీధిలోనే నాలాంటి వాళ్లు ఇంకో ముగ్గురు తేలారు. నలుగురం కలిసి ఒక వంటమనిషిని పెట్టుకున్నాం. మధ్యాహ్నం ఒకే ఇంట్లో భోజనం, వారానికో ఇల్లు. ఖర్చు నాలుగు భాగాలు. ఒక పప్పు, ఒక కూర, పెరుగు, గుడ్డు తినేవాళ్లకు గుడ్డు. అదే మనిషి, అదే చేతివంట, ఒంటరిగా ఇంటికి తెచ్చుకుంటే సగం మిగులుతుంది, నలుగురిలో కూర్చుంటే మారు వడ్డించమంటాం. తొమ్మిదిలో ఆరు కిలోలు తిరిగి వచ్చాయి. రాత్రికి పెసరట్టు నేనే వేసుకుంటాను ఇప్పుడు. మొదటి నెల అట్లన్నీ ముక్కలే, పక్కింటి కుక్క బాగా ఒళ్లు చేసింది.

సన్నజాజి_పందిరి
మాస్టారి కుక్కకు నా నమస్కారాలు చెప్పండి :)

బొబ్బిలి_బుల్లోడు
ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. సొంత ఇల్లు, పెన్షను, విదేశాల్లో పిల్లలు. వీళ్లకు పోషకాహార లోపమా? అది పూట గడవని వాళ్ల కష్టం కాదా?

వీధిచివర_వైద్యుడు
ఇద్దరిదీ. దేశవ్యాప్తంగా పెద్దవాళ్ల మీద 2017-18లో చేసిన లాసీ సర్వేలో 60 దాటినవారిలో నాలుగో వంతుకు పైగా ఉండవలసిన బరువు కన్నా తక్కువ ఉన్నారు. పేదింట్లో ఇది ఎక్కువ, సందేహం లేదు. అయితే నా దగ్గరికి కారులో వచ్చే పెద్దవాళ్లలోనూ చూస్తున్నాను. లావుగా ఉన్నవారిలోనూ చూస్తున్నాను. పొట్ట ఉంటుంది, కాళ్లలో కండ ఉండదు.

అంగన్‌వాడీ_అక్క
బుల్లోడు తమ్ముడూ, నువ్వు అడిగింది సరైన ప్రశ్నే. పల్లెలో రోజూ నా కళ్లెదుట ఉండేది చెబుతాను.

నా కేంద్రంలో ఆరేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు ఆహారం ఉంటుంది. మనవణ్ణి దించడానికి ఒక అవ్వ వస్తుంది. వాడు తినేదాకా వేపచెట్టు కింద కూర్చుంటుంది. వాడు పచ్చసొన వదిలేస్తే కొంగులో కట్టుకుంటుంది. "నువ్వు తిను అవ్వా" అంటే "సాయంత్రం వాడికి పెడతాను" అంటుంది. ఆవిడ చేయి నా మూడువేళ్ల లావు ఉంటుంది. ఆవిడ పేరున పెట్టడానికి నా రిజిస్టరులో గడి లేదు.

మా దగ్గర ఇప్పుడు పింఛను 4,000. ఒకటో తేదీన ఇంటికే తెచ్చి ఇస్తారు. మంచిదే, అది లేకపోతే చాలామంది ఏమైపోయేవారో. కానీ ఆ డబ్బులో ఆవిడ నోటికి చేరేది ఎంత? మనవడి ట్యూషన్, కొడుకు అప్పు, తన బీపీ మాత్రలు. రేషన్ బియ్యం ఉన్నాయి కాబట్టి అన్నానికి లోటు లేదు. అన్నం, పచ్చిమిరపకాయ, చింతపండు నీళ్లు. కడుపు నిండుతుంది, ఒళ్లు ఎండుతుంది. ఇంట్లో గుడ్డు వండితే ముందు మగవాళ్లకు, తర్వాత పిల్లలకు, ఆఖరున కోడలికి. ముసలావిడ వంతు వచ్చేసరికి పులుసు మిగులుతుంది.

బొబ్బిలి_బుల్లోడు
అక్కా, ఇది చదివాక మా అమ్మమ్మ గుర్తొచ్చింది. పులుసే తినేది. ముక్కలంటే ఇష్టం లేదనేది. నేను నమ్మాను.

వంటింటి_కిటికీ
"నాకు ఇష్టం లేదు" అనని అమ్మమ్మను నేనింతవరకు చూడలేదు.

తెనాలి_తులసి
శనివారం మళ్లీ వెళ్లొచ్చాను. ఈసారి అడగలేదు, వంటింట్లో పీట వేసుకుని కూర్చుని చూశాను.

పొద్దున, సాయంత్రం కాఫీ. రెండు ఇడ్లీలు బండి దగ్గర నుంచి. పదకొండింటికి చిన్న గిన్నెలో టీగ్లాసుకు ముప్పావు బియ్యం. అదే మధ్యాహ్నానికి, రాత్రికి. చారు నిన్నటిది, ఆఖరున పలుచటి మజ్జిగ. పప్పు ఏదమ్మా అంటే మాట మార్చింది. గట్టిగా అడిగితే కుక్కరు తెచ్చి నా ముందు పెట్టింది. "మూత తిప్పలేకపోతున్నానే. రబ్బరు బిగుసుకుపోయింది, మణికట్టు నొప్పి." నేను తిప్పి చూశాను, నాకూ బలం పట్టింది. ఎనిమిది నెలలుగా ఆ ఇంట్లో పప్పు ఉడకలేదు. నాన్న ఉన్నప్పుడు మూత ఆయన పెట్టేవారట.

భోజనానికి కూర్చునే ముందు పళ్లసెట్టు తీసి కిటికీలో స్టీలు గ్లాసులో పడేసింది. మాట్లాడేటప్పుడు పెట్టుకుంటుంది, తినేటప్పుడు తీసేస్తుంది. వదులైపోయి చిగురు ఒరుసుకుని పుండు పడింది. అందుకే కూర ముక్క ముట్టదు, చారులో అన్నం గుజ్జుగా పిసికి మింగేస్తుంది.

ఫ్రిజ్ తలుపుకు ఒక కాగితం అంటించి ఉంది. పన్నెండేళ్ల కిందట షుగరు బయటపడినప్పుడు ఇచ్చిన పథ్యం. అప్పుడు అమ్మ 68 కిలోలు. "అన్నం సగం, నూనె వద్దు, పండ్లు వద్దు, వేరుసెనగ వద్దు." ఇప్పటికీ తు.చ. తప్పకుండా పాటిస్తోంది.

పిక్క 29 సెంటీమీటర్లు డాక్టరు గారూ. మందులు: షుగరుకు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, ఇంకా గ్యాస్ మాత్ర రోజూ. మాది శాకాహారం, గుడ్డు కూడా తినం.

గోరింటాకు
కుక్కరు మూత! ఎవరికి తడుతుంది ఇది?

వీధిచివర_వైద్యుడు
తులసి గారూ, పీట వేసుకుని కూర్చోవడం నేను రాసే పరీక్షలన్నింటికన్నా మంచి పరీక్ష.

రెండు రక్తపరీక్షలు తప్పనిసరి. ఒకటి బి12 విటమిన్. శాకాహారం, ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్, రోజూ గ్యాస్ మాత్ర, ఈ మూడూ బి12ను తగ్గించేవే. అది తగ్గితే నాలుక మండుతుంది, అరికాళ్లు తిమ్మిరెక్కుతాయి, మతిమరుపు కూడా రావచ్చు. రెండోది మూడునెలల షుగరు సగటు, హెచ్‌బీఏ1సీ. గ్లిమెపిరైడ్ వేసుకుని ఇంత తక్కువ తింటే షుగరు పడిపోయే ప్రమాదం ఉంది. రాత్రుళ్లు చెమటలు, కళ్లు తిరగడం ఉన్నాయేమో అడగండి. మందు మాత్రం మీరు ఆపవద్దు, రాసిన డాక్టరును ఈ వారమే కలవండి.

పళ్లసెట్టు వదులవడానికి బరువు తగ్గడమూ ఒక కారణం. వదులైందని తినరు, తినక ఇంకా తగ్గుతారు, ఇంకా వదులవుతుంది. దంతవైద్యుడు లోపల కొత్త పొర వేసి సరిచేయగలరు, ప్రతిసారీ కొత్తది కట్టించనక్కరలేదు.

పోషకాహారం_పద్మ
నేను ఆస్పత్రిలో ఆహార నిపుణురాలిని. తులసి రాసిన రోజు భోజనాన్ని లెక్కకట్టాను. రెండు కాఫీల్లో పాలు 6 గ్రాములు, ఇడ్లీలు 4, రెండు పూటల అన్నం 8, మజ్జిగ 2. మొత్తం ప్రోటీన్ సుమారు 20 గ్రాములు. మామూలు పెద్దలకు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే లెక్క కిలో బరువుకు 0.83 గ్రాములు. వయసు మళ్లినవారికి 1 నుంచి 1.2 ఉండాలని నిపుణులు అంటున్నారు. అంటే అమ్మగారికి 45 నుంచి 54. సగం కూడా అందడం లేదు. (కిడ్నీ జబ్బు ఉంటే ఈ లెక్క మారుతుంది, క్రియాటినిన్ అనే రక్తపరీక్ష చేయించుకోండి.)

"ఇంకొంచెం అన్నం పెట్టుకో అమ్మా" అనకండి. చిన్న పొట్ట, త్వరగా నిండుతుంది. ఆ కొంచెంలోనే బలం దూర్చాలి. అన్నం తగ్గినా ఫరవాలేదు, పప్పు ముద్దగా, నెయ్యి చెంచాడు. కూర మీద వేరుసెనగపొడి, నువ్వులపొడి. రాగిజావ నీళ్లతో కాకుండా పాలతో కాచి, ఒక పెద్ద చెంచా పాలపొడి కలిపితే రుచి మారదు, మూడు గ్రాములకు పైగా ప్రోటీన్ చేరుతుంది. పలుచటి మజ్జిగ బదులు పెరుగు. నాలుగింటికి ఉడికించి మెదిపిన సెనగలు. భోజనానికి ముందు గ్లాసుల కొద్దీ నీళ్లు వద్దు. ఫ్రిజ్ మీది ఆ కాగితం మాత్రం ఈ రోజే తీసేయించండి.

లెక్కల_మాస్టారు
కూడిక సరిగ్గానే ఉంది.

కుక్కరు సంగతి. పెసరపప్పు గంటసేపు నానబెడితే మామూలు గిన్నెలోనే ఉడికిపోతుంది, మూత బిగించే పని లేదు. కందిపప్పు కావాలంటే ముందురోజు రాత్రే నానబెట్టమను.

కరివేపాకు
ఇంత శ్రమ ఎందుకు? మంచి ప్రోటీన్ పొడి డబ్బా నెలకు ఒకటి పంపితే సరిపోదా?

పోషకాహారం_పద్మ
ఆపరేషన్ అయినవారికి, ముద్ద మింగలేనివారికి నేనే రాస్తాను. కానీ కొన్నింటిలో చక్కెర ఎక్కువ, వెల ఎక్కువ. అసలు బెడద ఇంకోటి ఉంది. పొద్దున ఒక గ్లాసు తాగి "ఇక నాకు మధ్యాహ్నం ఏమీ వద్దు" అనేవాళ్లు చాలామంది. అప్పుడు చేరింది ఏమిటి?

సన్నజాజి_పందిరి
మా మేనత్త విషయంలో అచ్చంగా ఇదే జరిగింది. ఆమెకు అన్నం తింటే పొలమారేది, పక్షవాతం వచ్చి తగ్గిన తర్వాత. దగ్గు వస్తుందని భయపడి తినడం మానేసింది, మేము డబ్బాలు కొని పోశాం. మింగడం నేర్పేవాళ్లు ఉంటారని ఆలస్యంగా తెలిసింది. నీళ్లు తాగినా పొలమారుతుంటే వెంటనే చూపించండి ఎవరైనా.

న్యూజెర్సీ_మల్లి
కెమెరాను వంటింట్లోంచి తీయించి వీధి తలుపు దగ్గర పెట్టించాను. నాన్నగారు ఏమీ అనలేదు. కానీ నిన్న ఫోనులో "బీరకాయ పొట్టు పచ్చడి చేశాను, పుల్లగా కుదిరింది" అని తనంతట తానే చెప్పారు. చాలాసేపు పచ్చడి గురించే మాట్లాడుకున్నాం.

అంగన్‌వాడీ_అక్క
ఎవరికైనా ఉపయోగపడుతుందని రాస్తున్నాను. పెద్దవాళ్ల కోసం 14567 అనే ఉచిత ఫోన్ నంబరు ఉంది. ఇంట్లో అన్నం పెట్టని కేసుల్లోనూ మాట సాయం చేస్తారు. పట్టణాల్లో ఉన్నవాళ్లకు ఐదు రూపాయల అన్న క్యాంటీన్లు ఉన్నాయి, మా ఊరికి మాత్రం అది బస్సు దూరం. మా వేపచెట్టు అవ్వకు ఇప్పుడు స్వయం సహాయక సంఘం ఆడవాళ్లం వంతులవారీగా రోజుకో గుడ్డు ఉడికించి ఇస్తున్నాం. ఒక్క షరతు, నా ఎదుటే తినాలి. మొదటి రోజు సగం కొంగులో దాచబోయింది. రెండోది ఇచ్చాను, మనవడికి.

తెనాలి_తులసి
ఆరు వారాలయింది, రాయడం ఆలస్యమైంది.

క్షయ, థైరాయిడ్, కిడ్నీ, అన్నీ చూశారు, బాగానే ఉన్నాయి. బి12 మాత్రం 140, తక్కువే, ఇంజక్షన్లు వేస్తున్నారు. హెచ్‌బీఏ1సీ 5.8. డాక్టరు చూసి "ఈ వయసులో ఇంత బిగించనక్కరలేదమ్మా, ఏడున్నర వరకు ఉన్నా నాకు ఇబ్బంది లేదు" అని గ్లిమెపిరైడ్ ఆపేశారు. తెల్లవారుజామున చెమటలు పట్టేవట, కల అనుకునేదట. పళ్లసెట్టు సరిచేయించాం, రెండుసార్లు తిరగాల్సి వచ్చింది.

ఎదురింటి పిన్నిగారు, అమ్మ, ఇప్పుడు మధ్యాహ్నం కలిసి తింటున్నారు. పప్పు పిన్నిగారిది, పెరుగు అమ్మది. బరువు 46 కిలోల 300 గ్రాములు. ఏకాదశి మానలేదు. మానమని నేను అనలేదు, ఆ రోజు పాలు, పండు, వేరుసెనగ ఉండేలా ఒప్పందం చేసుకున్నాం.

పోయిన ఆదివారం ఫోన్ చేసి "వచ్చేటప్పుడు జంతికలు తేవే, గట్టివి" అంది.

వంటింటి_కిటికీ
గట్టివి! అమ్మయ్య.

వీధిచివర_వైద్యుడు
చాలా సంతోషం. నెలకోసారి అదే తూకం మీద, అదే వేళకు చూడండి. బరువు పెరగడం ఆగిపోతే మళ్లీ రాయండి.

మౌనంగా_చదివేవాణ్ణి
మూడేళ్లుగా ఈ వేదికలో చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. మాస్టారు చెప్పినట్టు నిన్న రాత్రి నాన్నను "ఏం కూర?" అని అడిగాను. కాసేపు మాట రాలేదు. తర్వాత "వంకాయ" అన్నారు. ఎవరు తెచ్చారంటే "ఆఁ, ఉంది" అన్నారు. పొద్దున పక్కింటి ఆమెకు ఫోన్ చేస్తే నాలుగు రోజులుగా వంటింటి దీపం వెలగలేదంది. ఈ సాయంత్రం బస్సుకు బయలుదేరుతున్నాను. వెంట ఏం తీసుకెళ్లమంటారు?

లెక్కల_మాస్టారు
కుట్టుటేపు. నీ భోజనం కూడా అక్కడే పెట్టుకో, ఆయన పక్కన కూర్చుని తిను. ఏ ఊరు బాబూ మీది?